కోడికి చెప్పు కోసిన మనిషి

పోయిన నెలలో బాచుపల్లి నుంచి ఫోన్ వచ్చింది. అవతలి గొంతు నాకు కొత్త. మాదాపూర్‌లో మా పక్కింట్లో ఉండి వెళ్లిన ఆమెకు కోడలినని చెప్పుకుంది. అత్తమ్మ పోయిందని, దినాల పనుల్లో పడి చెప్పలేకపోయానని అంది. నేను తారీఖు అడిగాను. చెప్పింది. ఇక ఫోన్ పెట్టేస్తుందేమో అనుకుంటుండగా గొంతు తగ్గించి, "ఇంకో మాట అత్తమ్మా" అంది. "ఒక కోడి కుంటుతున్నది. అరికాల్ల నల్లగ బుడిపె లేచింది. మా అత్తమ్మ ఉంటే చెప్పు కోసి కట్టేది. ఎట్ల కోసేదో నేనెప్పుడు సరిగ్గ చూడలే. మీకెరికేనా?"

నాకెరికే. ఒక్కొక్క మెట్టూ విడమరిచి చెప్పి, ఆ అమ్మాయితో తిరిగి చెప్పించుకుని, అప్పుడు ఫోన్ పెట్టేశాను. పెట్టేశాక ఆ మనిషి గురించి నాకు తెలిసింది కూడా అలాగే వరసగా రాసి ఉంచాలనిపించింది. ఆమె పుట్టిన సంవత్సరం నాకు తెలియదు. ఆమెకే తెలియదు. కనుక జీవితచరిత్ర రాయబోవడం లేదు.

మేము 1997 చివర్లో మాదాపూర్‌లో రెండు గదులు వేసుకుని దిగాం. నేను ఖాతాల ఆఫీసులో పనిచేసి అప్పుడే రిటైరయ్యాను. కృష్ణా జిల్లా వైపు మనుషులం, ఆ వీధికి కొత్త. ఎటు చూసినా బండలు పగలగొట్టే చప్పుడు. దూరంగా కంప్యూటరు కంపెనీల కోసం కడుతున్న గుండ్రటి భవనం అంతస్తు మీద అంతస్తుగా లేస్తోంది. మా గోడకు అవతల ఆమె ఇల్లు, పెంకుల కప్పు, వెడల్పాటి వాకిలి. మొదటిరోజు గేటు దగ్గర నిలబడి, "నమస్కారం వదినగారూ, మీ బోరు ఎంత లోతుకు వేయించారండీ?" అని అడిగాను.

ఆమె నా ముఖం చూడలేదు. తల వంచుకుని నా పాదాల వంక చూసింది.

"ఎడమ మడిమె ఎత్తి నడుస్తున్నవేంది?"

"పగిలిందండీ."

"పగిలితె పగిలిందని ముందుగల్ల చెప్పాలె. బోరు ఏడికి పోతది?" అని లోపలికి వెళ్లి వేపనూనె సీసా తెచ్చి నా చేతిలో పెట్టింది. "మల్ల ఒక మాట. వదిన అంటవ్, గారు అంటవ్, అండి అంటవ్. మూడిట్ల ఒకటి ఉంచుకో."

వదిన ఉంచుకున్నాను. ఆమె మాత్రం నన్ను అక్కా అని పిలిచింది. అలా అయితే వరస కలవదని చెప్పాను. "కలవకుంటే ఏమైతది? పిలిస్తే పలుకుతవ్ గద" అంది.

అది ఆమె పద్ధతి. ఎవరినైనా ముందు కాళ్లు చూసేది, తర్వాత ముఖం. పాలు పోసే ఆయన, కూలి పనికి వచ్చిన ఆడవాళ్లు, ఎన్నికలకు ఓట్లడగడానికి వచ్చినవాళ్లు, అందరూ ఆమె ముందు ఒక్క క్షణం తమ పాదాల వంక తాము చూసుకునేవారు. బండరాళ్లు మోసే ఆడవాళ్లను నిలబెట్టి, "మడిమెలకు నూనె రాయకుంట మొగనికి తల దువ్వుతున్నవా?" అని కసిరేది. వాళ్లు నవ్వి నూనె రాయించుకుని పోయేవారు. కుర్చీలో కూర్చోగా నేనెన్నడూ చూడలేదు. గడప పక్కన మడమల మీద కూర్చునేది. అడిగిన దానికి తిన్నగా జవాబు చెప్పడం ఆమెకు నామోషీ.

కోళ్లకు పేర్లు పెట్టేది. తోక నిక్కబొడుచుకుని తిరిగేది సర్పంచ్. ప్రతి గిన్నెలోకీ తొంగిచూసేది మేస్త్రి. మెడ పక్కకు వంచి, ఎదుటివాళ్లు తప్పు చేశారేమో అన్నట్టు చూసే ఎర్రకోడి టీచరమ్మ. నేను వచ్చేనాటికి ఇరవైకి పైన ఉండేవి. మరుసటి చలికాలం దాటకుండానే తెగులు వచ్చి ఊరి కోళ్లన్నీ ఊడ్చుకుపోయాయి. ఆమె వాకిట్లో మిగిలినవి రెండే: ఒక ముసలి పుంజు, టీచరమ్మ.

"కొత్తవి కొనుక్కోవచ్చుగా వదినా" అన్నాను.

"కొన్నది కూర కోడి. గిది ఇంటి కోడి."

అప్పుడు చెప్పింది. పెళ్లై వచ్చేటప్పుడు ఆమె తల్లి గంపలో ఒక పెట్టను, ఒక పుంజును పెట్టి పంపిందట. ఇప్పుడున్నవి వాటి పిల్లల పిల్లలు. పుట్టింటి నుంచి తెచ్చిన గిన్నెలు అరిగిపోయాయి, వెండి కడియాలు ఒక కరువులో పోయాయి, తల్లీ పోయింది. పొలం భవనాల కింద కలిసింది. ఇల్లు కూడా కొత్త రోడ్డులో పోతుందని గుర్తు వేసి వెళ్లారు. దసరా తర్వాత బాచుపల్లిలో చెల్లెలి ఇంటి పక్కకు వెళ్లాలి. "చేతులూపుకుంట పోవాల్నా నేను?" అంది. ఆమె నోట బాధ అన్న మాట వినలేదు నేను. ఆ ఒక్క ప్రశ్నే విన్నాను.

వేసవి మొదట్లో టీచరమ్మ కుంటడం మొదలుపెట్టింది.

కారణం వీధిలోనే ఉంది. రోడ్డు పని కోసం ఆమె వాకిలి అంచున కంకర కుప్ప పోశారు. కోడి గోడ మీంచి దాని మీదికే దూకేది. పదునైన కంకర అరికాల్లో గుచ్చుకుని, లోపల చీము పట్టి, పైన మిరియపు గింజలా నల్లటి పెచ్చు కట్టింది. ఆమె ఆ పని చూస్తున్న సూపర్‌వైజరు దగ్గరికి నేరుగా వెళ్లింది. రాజమండ్రి వైపు కుర్రాడు, ముప్ఫై లోపు ఉంటాడు.

"బాబూ, నీ కంకర నా కోడి కాల్ల దిగుతున్నది. తియ్యి."

"కోడి కోసం రోడ్డు ఆపమంటారాండీ?"

"రోడ్డు ఆపమన్ననా? కంకర జరుపమన్న." అతని కాళ్ల వంక చూసింది. "బూట్లున్నయి నీకు. దానికి లెవ్వు."

అతను నవ్వేసి ఊరుకున్నాడు. కుప్ప కదల్లేదు. ఆమె ఇంటికి వచ్చి, గోడ మీది నుంచి కోడి దూకే చోట నాలుగు గోనెసంచులు పరిచి, అరిగిపోయిన హవాయి చెప్పు ఒకటి వెతికి తీసింది.

ఆ వైద్యం నేను పక్కనే కూర్చుని చూశాను. ముందు కోడిని పాత తువ్వాలులో చుట్టి, తల మీద గుడ్డ కప్పింది. "కండ్లు మూస్తే కోడికి రాత్రైతది. సప్పుడు జెయ్యది" అంది. నిజంగానే కదల్లేదు. గోరువెచ్చటి ఉప్పునీళ్లలో కాలు నానబెట్టింది. నేను పెచ్చు ఊడదీస్తుందనుకున్నాను. తీయలేదు. రోజూ నానబెట్టి, మెత్తబడిన మేరకే తుడిచింది. "ఒక్కనాడే పీకితే నెత్తురు పోతది. ఇడిచిపెట్టేదాక ఆగాలె." పెచ్చు వదులైన రోజున, మరగబెట్టిన బ్లేడు కొసతో దాన్ని ఎత్తింది. లోపలి చీము గడ్డకట్టిన జున్నులా ఒక ముద్దగా వచ్చింది. పశువుల దవాఖానలో అడిగి నేను తెచ్చిన మందు గుంటలో పూసింది, దాని మీద తన పసుపూ పూసింది. ఏది పనిచేసిందో ఇప్పటికీ తేలలేదు. పసుపే అని ఆమె చివరిదాకా అంది.

తర్వాత చెప్పు. రబ్బరు మడమ భాగంలోంచి కోడి అరికాలంత ముక్క కోసి, పుండు ఉన్న చోట చిల్లు పెట్టింది. బరువు చుట్టూ అంచు మీద పడుతుంది, పుండు నేలకు తగలదు. మెత్తటి గుడ్డ పేలికలు వేళ్ల మధ్య నుంచి తీసి పైన ముడి వేసింది. మరీ బిగిస్తే వేళ్లు ఉబ్బుతాయని ముడి కింద తన చిటికెన వేలు దూర్చి చూసుకుంది. కోడి లేచి, ఆ కాలు ఎత్తి, మెడ వంచి చెప్పు వంక చూసింది, మా వంక చూసింది.

"మార్కులెన్ని టీచరమ్మా?" అంది ఆమె.

కాలు మానడానికి వారాలు పడుతుంది. కోడేమో అప్పుడే గుడ్లు పెడుతోంది. మళ్లీ ఎప్పుడు పెడుతుందో, అసలు పెడుతుందో లేదో తెలియదు. పుంజు ముసలిది. ఆ కాలితో పొదగలేదు: ఒక పక్కకే ఒరిగి కూర్చుంటుంది, గుడ్లు చితుకుతాయి, చీము గుడ్లకు అంటుతుంది. పొదిగించడానికి ఊళ్లో వేరే పెట్ట లేదు. అందుకని మేమే పొదగాలనుకున్నాం.

ఆమె ఇంట్లోనే మామిడిపళ్ల చెక్కపెట్టె ఒకటి తీసుకుని లోపల గోనె పరిచి, నలభై క్యాండిళ్ల బల్బు పెట్టాం. జ్వరం చూసే థర్మామీటరు ఇందుకు పనికిరాదు. అది ఎక్కిన చోటే ఆగిపోతుంది. కోఠీలో ప్రయోగశాలల సామాను అమ్మే కొట్టుకు వెళ్లి వేరేది తెచ్చాను. గుడ్డుకు ఒక వైపు పెన్సిలుతో సున్నా, రెండో వైపు ఇంటూ గుర్తు వేశాను, రోజుకు మూడుసార్లు తిప్పడంలో పొరపాటు రాకుండా.

"గుడ్లకు బొట్లు పెడుతున్నవా అక్కా? పెండ్లి చూపులా?"

"తిప్పినట్టు గుర్తుండాలి వదినా."

"నా చేతికి గుర్తుంటది."

మొదటి విడత ఎనిమిది గుడ్లు పెట్టాం. పెట్టెలో ఒక గిన్నెడు నీళ్లూ పెట్టాం. అది మే నెల. తడిబట్ట ఆరేస్తే మడతపెట్టేలోపు ఎండిపోయే రోజులు. పద్దెనిమిదో రోజుకు వెలుతురుకు పట్టి చూస్తే ఆరింటిలో పిల్లలు నిండుగా ఉన్నాయి. ఆమె ముఖం వెలిగిపోయింది. అక్కడి నుంచి ఆమె పెట్టె వదల్లేదు. తల్లికోడి చివరి రోజుల్లో గుడ్లతో మాట్లాడుతుందట. లోపలి పిల్ల ఆ మాట విని జవాబిస్తుందట, ఆ మాట పట్టుకునే బయటికి వస్తుందట. టీచరమ్మ పొదగలేదు కనుక ఆ మాట తనే చెప్పాలని నిర్ణయించుకుంది. గంటకోసారి మూత తీసి, గుడ్ల మీదికి వంగి, నాలుక అంగిటికి కొట్టి "క్లక్, క్లక్" మని పిలిచేది. నిజంగానే లోపలి నుంచి సన్నగా కీచుమని జవాబు వచ్చేది. నేను కూడా విన్నాను. వద్దని ఎలా అంటాను?

మూడు గుడ్లకు చిన్న చిల్లులు పడ్డాయి. అక్కడితో ఆగిపోయాయి. ఒక పగలంతా చూశాం. మర్నాటికి కీచుమనడం కూడా ఆగింది.

ఆమె ఒకటి వలిచింది. పెంకు లోపలి పొర ఎండి కాగితంలా పిల్ల ఒంటికి అతుక్కుపోయి ఉంది. పిల్లకు అన్నీ ఉన్నాయి: ముక్కు, నూగు, గోళ్లు. మెలిక తిరగడానికి వీల్లేక ఉన్నచోటే ఉండిపోయింది. ఆమె దాని కాళ్లు వేలితో చాపి చూసింది.

"కాళ్లు మంచిగున్నయి" అంది. లేచి లోపలికి వెళ్లిపోయింది. వారం రోజులు మా గోడ దగ్గరికి రాలేదు.

నేను ఆ వారం లెక్క తీశాను. నాకు వచ్చిన పని అదొక్కటే. తడి చాల్లేదు. అయితే గిన్నెలో నీళ్లు ఎప్పుడూ ఉన్నాయి. మరి ఎక్కడికి పోయింది? మూత ఎత్తిన ప్రతిసారీ పెట్టెలోని చెమ్మంతా ఒక్క ఊపులో బయటికి పోతుంది, మే నెల గాలి లోపలికి వస్తుంది. ఆ సంగతి ఆమెకు ఎలా చెప్పాలా అని ఆలోచించాను. నీ పిలుపే వాటిని చంపింది అన్నట్టు ఉండకూడదు. చివరికి వెళ్లి గడప దగ్గర, ఆమె పక్కన, మడమల మీదే కూర్చున్నాను. మోకాళ్లు నొప్పెట్టాయి.

"వదినా, తల్లికోడి చివరి మూడు రోజులు లేస్తుందా?"

"లెవ్వది. గింజలు పెట్టినా లెవ్వది. నీళ్లకు గూడ లెవ్వది."

"ఎందుకు లేవదు?"

ఆమె నా వంక చూసింది. "నేను మస్తుసార్లు లేసిన" అంది.

"మాట మానమనట్లేదు నేను."

"మాట మానితే ఎట్లొస్తయి? మాట వినాలె గద."

"వినాలి. మూత తీయకుండా వినాలి."

మా దేవుడి పటం ఒకదాని అద్దం ఊడదీసి మూతలో బిగించాం. దేవుణ్ణి అద్దం లేకుండా మేకుకు తగిలిస్తుంటే, "ఎండకాలం, ఆయనకు గూడ జర గాలి ఆడుతది" అంది ఆమె. దవాఖాన నుంచి వాడిపారేసినా కొత్తదిలా ఉన్న సెలైన్ గొట్టం ఒకటి తెచ్చి కడిగి మరగబెట్టి, పెట్టె పక్కన చిల్లులోంచి గిన్నెలోకి దించాం. మూత ఎత్తకుండా బయటి నుంచే నీళ్లు పోయవచ్చు.

టీచరమ్మ ఈలోగా మరో ఆరు గుడ్లు పెట్టి ఆపేసింది. మిగిలినవి అవే.

ఈసారి జూన్ నెల. వానలు వచ్చేశాయి, గోడలకు చెమ్మ. మొదటి విడత ఎండి పోయింది కనుక ఈసారి రెండు గిన్నెలు పెడదామని ఆమె. కాదని నేను. గుడ్డులోని నీరు రోజూ కొంచెం ఆవిరైపోవాలి, లోపల గాలికి చోటు ఏర్పడాలి. ఆ చోటు లేకపోతే పిల్ల నీళ్లలో మునిగినట్టే. వీధి చివరి కంసాలి దగ్గర, వాళ్ల మాటలో అవుసులాయన దగ్గర, బంగారం తూచే చిన్న తరాజు అడిగి తెచ్చాను. పెట్టిన రోజున ప్రతి గుడ్డూ తూచాను. పద్దెనిమిదో రోజుకు ఎనిమిదో వంతు బరువు తగ్గాలి, అంతకు బాగా తక్కువైనా ఎక్కువైనా నష్టమే.

"బంగారమా, గుడ్డా?" అంది ఆమె. "అవుసులాయన నవ్వుతుండు మన మీద."

"నవ్వనీ."

వారం తర్వాత తూస్తే తగ్గాల్సినంత తగ్గలేదు. గిన్నె పూర్తిగా తీసేయబోయాను. ఆమె అడ్డం వచ్చింది.

"నీళ్లు తీస్తే మల్ల ఎండుతయి అక్కా. ఒకసారి చూసినం గద."

"ఇప్పుడు ఎండాలి వదినా. చివర్లో తడవాలి."

ఆమె ఒప్పుకోలేదు, వాదించనూ లేదు. డబ్బా రేకుకు చిల్లు పెట్టి, బల్బు ముందు పట్టి, ఒక్కొక్క గుడ్డునూ ఆ వెలుతురుకు ఆనించి చూసింది. మొద్దు వైపు గాలి ఉండే చోటు గోరంత కూడా లేదు. అన్నీ చూసి డబ్బా పక్కన పెట్టింది. "నీ తరాజు, నా కన్ను ఒక్కటే అంటున్నయి. తీసెయ్" అంది. ఆ తర్వాత రోజూ నేను తూచే వేళకు వచ్చి కూర్చునేది. నేను అంకె చెప్పేదాన్ని, ఆమె గుడ్డు వెలుతురుకు పట్టి "సరే" అనేది. ఆమె సరే అననిదే నేను తర్వాతి గుడ్డు ముట్టుకునేదాన్ని కాదు.

పద్దెనిమిదో రోజుకు లెక్క సరిపోయింది. గిన్నె నిండా నీళ్లు పెట్టి, తడి గుడ్డ కూడా వేసి, మూత వేశాం. ఇక తిప్పడం లేదు, తూచడం లేదు, ఎత్తడం లేదు.

ఇరవయ్యో రోజు పొద్దున కరెంటు పోయింది. ఎక్కడో తీగలు తెగాయన్నారు, సాయంత్రందాకా రాదన్నారు. పెట్టెకు దుప్పటి కప్పాం. లోపలి పాదరసం దిగడం మొదలైంది. ఆమె మాట్లాడకుండా ఇంట్లోంచి పొడవాటి తీగచుట్ట ఒకటి భుజాన వేసుకుని సూపర్‌వైజరు దగ్గరికి నడిచింది. వెనకాల నేను. అతని దగ్గర జనరేటరు మోగుతోంది.

"బాబూ, ఒక్క బల్బు. నలభై క్యాండిళ్లది."

"దేనికండీ?"

"పురుడు."

అతను కంగారుపడి లేచాడు. "ఎవరికండీ? బండి పిలవమంటారా?"

"కోడికి" అని నేను చెప్పాల్సి వచ్చింది. అతను నా వంకా ఆమె వంకా చూశాడు.

"ఆ కుంటి కోడికాండీ?"

"కుంటిచేసిన కోడికి" అంది ఆమె. "కంకర నీది, కరెంటు నీది. కోడి ఒక్కటే నాది."

అతను తీగ కొస అందుకుని తనే బిగించాడు. మా వెంట వాకిటిదాకా వచ్చి, దుప్పటి తీస్తే బల్బు వెలగడం చూశాడు. కుక్కిమంచం పక్కన చెప్పు తొడుక్కుని నిలబడ్డ కోడినీ చూశాడు. దాని కాలి వంక చాలాసేపు చూశాడు. మర్నాడు కంకర కుప్ప అవతలి పక్కకు మారింది. మేము మళ్లీ అడగలేదు.

ఇరవై ఒకటో రోజు. ఆమె పెట్టె పక్కన కూర్చుని రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంది. ఎందుకని అడిగాను. "బయట ఉంటే మూత మీదికి పోతయి" అంది. అద్దానికి ముఖం ఆనించి, "క్లక్, క్లక్" మని పిలిచింది. ఒక గుడ్డు మీద నక్షత్రంలా చిట్లిన గుర్తు కనిపించింది. నేను గొట్టంలో నీళ్లు పోశాను. కాసేపటికి అద్దం లోపలి వైపు చెమట పట్టింది. మరికాసేపటికి తెల్లగా కమ్ముకుపోయి, లోపల ఏమీ కనబడలేదు.

"ఏం కనబడతలేదు అక్కా."

"మంచిదే. తడి నిలిచిందన్నమాట."

"కనబడకుంట ఎట్ల ఓర్సుకోవాలె?"

"వినాలి."

విన్నాం. పొద్దెక్కింది. బయట బండలు పేల్చారు, కప్పు మీది పెంకులు అదిరాయి. ఆమె పిలిచింది. లోపలి నుంచి కీచుమంది. పిలిచింది. నిశ్శబ్దం. ఆమె చేతులు తొడల కింద కదలడం చూశాను. ఆమె నా ముఖం చూసి, "లెవ్వను" అంది. మంచం పక్కనున్న టీచరమ్మ ఉన్నట్టుండి మెడ సాచి, గొంతులోంచి ఒక ముతక చప్పుడు చేసింది. అప్పటిదాకా ఆ చప్పుడు చేయలేదు. ఆమె పిలవడం ఆపేసింది. తర్వాతంతా కోడే పిలిచింది.

మధ్యాహ్నం దాటాక పెంకు పగిలిన చప్పుడు, తర్వాత తడి ఒళ్లు గోనె మీద ఈడ్చుకున్న చప్పుడు. ఆ తర్వాత మరొకటి. అవి ఆరి నూగు విప్పుకునేదాకా, మిగిలినవి వచ్చేదాకా, మూత ఎత్తలేదు. ఆరింటిలో నాలుగు వచ్చాయి.

మసక చీకటి పడ్డాక పిల్లల్ని తల్లికి ఇవ్వాలని ఆమె అంది. వెలుతురులో ఇస్తే కొత్తవనుకుని పొడుస్తుందట. తాను పొదగని పిల్లల్ని ఈ కోడి ఒప్పుకుంటుందో లేదో మాకు తెలియదు. అప్పటికి దాని కాలు మానింది. ఆమె చెప్పు విప్పేసి, కొత్త చర్మం మీద వేలు పెట్టి నొక్కి చూసి, దాన్ని గంపలో ఎండుగడ్డి మీద కూర్చోబెట్టింది. ఒక పిల్లను అరచేతిలో దాచి, వెనక నుంచి రెక్క కింద దూర్చింది. కోడి ఒక్కసారి బిగుసుకుంది. మెడ తిప్పి, ఆ పక్కకు వంచి చూసే చూపు చూసింది. ముక్కు కిందికి దించింది. నేను కళ్లు మూసుకున్నాను.

"తెరువు అక్కా" అంది ఆమె మెల్లగా.

కోడి రెక్క కొద్దిగా ఎత్తి, దించింది. పిల్ల కనబడలేదు. మిగతా మూడూ ఆమె దూర్చనక్కర్లేదు. గంప అంచున పెడితే వాటంతట అవే ఆ ముతక చప్పుడు వైపు నడిచి లోపలికి పోయాయి.

ఆమె చాలాసేపు గంప దగ్గరే కూర్చుంది. కోడితో, "నీవే. మేం జరసేపు పట్టుకున్నం, అంతే" అంది. తర్వాత తల తిప్పకుండా నాతో అంది.

"బల్బు బంద్ చెయ్ అక్కా. తల్లి కిందున్నయి."